చెప్పిన బరువు, తూచిన బరువు

కళాశాలలో ప్రవేశం కోరే విద్యార్థిని నింపవలసిన పత్రాలలోను, ఆరోగ్య పరీక్షల సందర్భంగా పంచిపెట్టే ప్రశ్నావళులలోను సాధారణంగా ఒక చిన్న గడి కనిపిస్తుంది. దానిలో "బరువు" అని వ్రాసి, పక్కన కిలోల కొరకు కొంత చోటు విడిచి ఉంటుంది. ఆ గడిని నింపుటకు అర నిమిషం కూడా పట్టదు. తూనిక యంత్రం కొరకు ఎవరూ వెదకరు. పక్కన కూర్చున్న స్నేహితురాలు 45 అని వ్రాస్తే తానూ 45 అని వ్రాసే వారు లేకపోలేదు. తరువాత ఆ సంఖ్య పట్టికలోకి, పట్టిక నుండి సగటులోకి, సగటు నుండి నివేదికలోకి ఎక్కి, చివరకు "బాలికల ఆరోగ్యం తృప్తికరంగా ఉన్నది" అనే వాక్యంగా మారుతుంది. ఆ వాక్యానికి మూలమైన సంఖ్యను తూచినారా, అడిగినారా అనే ప్రశ్న మాత్రం ఎవరికీ తోచదు. పదమూడు మొదలు పంతొమ్మిది సంవత్సరాల వయస్సు గల బాలికలు తమ బరువును తామే చెప్పినప్పుడు అది ఎంతవరకు సత్యం, తప్పినచో ఏ వైపునకు తప్పుతుంది, ఆ తప్పు వలన నష్టం ఎవరికి అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

జహీరాబాదు ప్రాంతంలో పెరిగిన వారికి తూకం విలువను ఎవరూ నేర్పనక్కరలేదు. చెరకు బండి ఫ్యాక్టరీకి చేరినప్పుడు ముందుగా నిండు బండిని కాంటా మీదికి ఎక్కిస్తారు. చెరకు దించిన తరువాత ఖాళీ బండిని మళ్ళీ ఎక్కిస్తారు. ఆ రెండింటి భేదమే రైతు లెక్కలో పడే బరువు. "నీ చెరకు ఎన్ని టన్నులుంటుంది?" అని రైతును అడిగి, ఆయన చెప్పిన దానికి సొమ్ము చెల్లించే ఫ్యాక్టరీ ఎక్కడా లేదు. కాంటా మీద అనుమానం కలిగితే హైదరాబాదు-ముంబయి రహదారి పక్కనున్న ధర్మకాంటాలో మరొకసారి తూయించి చూసుకునే జాగ్రత్త మన రైతులకు ఉన్నది. అల్లానికీ, ఆలుగడ్డకూ ఇదే మర్యాద. అటువంటి ఊరిలో ఆడపిల్ల శరీరం విషయం వచ్చేసరికి మాత్రం నోటిమాటే ప్రమాణమవుతున్నది!

బాలికలు అబద్ధం చెప్తారని ఈ మాటలకు అర్థం కాదు. అసలు మొదటి కారణం తెలియకపోవడమే. మన ఇళ్ళలో ధాన్యం తూచే సాధనం ఉండవచ్చును గాని, మనిషిని తూచే యంత్రం ఉన్న ఇళ్ళు తక్కువ. ఎప్పుడో జ్వరం వచ్చినప్పుడు ఆస్పత్రిలో తూచిన సంఖ్యయే మనస్సులో నిలిచి ఉంటుంది. వెనుకటి కాలంలో అయితే రైల్వే స్టేషనులో నాణెం వేసి ఎక్కే యంత్రం ఉండేది. అది ఒక అట్టముక్క మీద బరువునూ, దాని వెనుక జాతకాన్నీ అచ్చువేసి ఇచ్చేది. రెండింటిలో జాతకమే ఎక్కువ శ్రద్ధగా చదివేవారు. ఇక యౌవనారంభ దశలో బాలిక శరీరం ఏటికేడాది మారిపోతూ ఉంటుంది. పదకొండు మొదలు పద్నాలుగేండ్ల మధ్య బరువు చురుకుగా పెరిగి, తరువాత ఆ వేగం తగ్గుతుంది. పద్నాలుగవ ఏట తూచిన సంఖ్యను పదహారవ ఏట చెప్పే బాలిక నిజమే చెప్పుచున్నాననుకుంటుంది. ఆమె చెప్పేది రెండేండ్ల క్రితపు తన బరువును.

రెండవది సంఖ్యల మీద మనకున్న మమకారం. భారత జనగణనలో వయస్సులను పరిశీలించిన వారందరికీ ఒక వింత తెలిసినదే. 29, 31 అని చెప్పేవారు తక్కువగా, 30 అని చెప్పేవారు చాలా ఎక్కువగా ఉంటారు. 40, 45, 50ల వద్ద జనం గుమిగూడుతారు. ఈ గుంపును కొలుచుటకు జనాభా శాస్త్రజ్ఞులు విపిల్ సూచిక అనే లెక్కనే ఏర్పరచుకున్నారు. బరువు విషయంలోనూ ఇదే జరుగుతుంది. 43 కిలోల 700 గ్రాముల బాలిక 45 అని గాని, 40 అని గాని చెప్తుంది. 43.7 అని చెప్పే వారిని వ్రేళ్ళ మీద లెక్కింపవచ్చును. ఒక తరగతిలో వచ్చిన బరువులన్నీ సున్నతోను, ఐదుతోను ముగిసినట్లయితే అవి కాంటా మీద పుట్టిన సంఖ్యలు కావని చూడగానే గ్రహింపవచ్చును. గణాంకశాస్త్రం చదివే విద్యార్థులకు ఇది మంచి పరీక్ష. ఖర్చు లేనిది కూడా.

మూడవ కారణమే అన్నిటికంటె సూక్ష్మమైనది. ఉర్దూలో 'వజన్' అనే మాట శరీరపు బరువునకే గాక కవిత్వంలోని ఛందోమానానికీ, మాటలోని గౌరవానికీ కూడా వర్తిస్తుంది. తెలుగులో మనమూ "మాటకు తూకం ఉండాలి" అంటాము. బరువు అనేది రెండు భాషలలోనూ గౌరవంతో ముడిపడిన పదం. కనుక "నీ బరువెంత?" అని అడిగినప్పుడు బాలిక మనస్సు అంకెను మాత్రమే వెదకదు. అడిగిన వారెవరు, ఎందుకు అడుగుచున్నారు, చుట్టూ ఎవరు వింటున్నారు అని కూడా చూసుకుంటుంది. చెప్పిన బరువు కొంతవరకు శరీరాన్ని గూర్చిన సమాచారం, కొంతవరకు అడిగిన వారికి ఇచ్చిన సమాధానం.

దీనిని శాస్త్రజ్ఞులు కొలిచి చూసినారు. అమెరికాలో ఉన్నత పాఠశాలల విద్యార్థులను ముందుగా ప్రశ్నించి, పిదప 2,965 మందిని స్వయంగా కొలిచి తూచి, బ్రెనర్ మొదలగు వారు 2003లో ప్రకటించిన ఫలితం ప్రసిద్ధమైనది. విద్యార్థులు సగటున తమ ఎత్తును 2.7 అంగుళాలు ఎక్కువగాను, బరువును 3.5 పౌండ్లు, అంటే సుమారు 1.6 కిలోలు, తక్కువగాను చెప్పినారు. బరువును తగ్గించి చెప్పడం బాలురకంటె బాలికలలో అధికం. పెద్దలపై జరిగిన పరిశోధనలలోనూ భారీకాయులు బరువును తగ్గించి చెప్పే ధోరణి ఎక్కువగా కనబడినది.

దీనికి భిన్నంగా వాదించిన వారూ ఉన్నారు. అదే దేశంలో 2000 సంవత్సరంలో గుడ్‌మన్ మొదలగు వారు ప్రకటించిన పరిశీలనలో, పిల్లలు చెప్పిన ఎత్తు బరువులను బట్టి నూటికి 96 మందిని స్థూలకాయులా కాదా అని సరిగా వర్గీకరింపగలిగినారు. ఈ సంఖ్య వినసొంపుగా ఉన్నది. కాని అధికసంఖ్యాకులు స్థూలకాయులు కాని చోట, ఏమీ అడుగకుండానే అందరినీ "కాదు" అని వ్రాసినప్పటికీ చాలా వరకు సరిపోతుంది! మనకు కావలసినది నూరుగురిలో తేలికగా సరిపోయిన వారి సంగతి కాదు. తప్పిపోయిన నలుగురైదుగురు ఎవరన్నదే మన ప్రశ్న.

మరొక మోసం 'సహసంబంధ గుణకం' అనే దానిలో ఉన్నది. చెప్పిన బరువుకూ తూచిన బరువుకూ మధ్య సహసంబంధం 0.9కి పైగా ఉన్నదని చూపి, "కనుక అడిగితే చాలును" అని తీర్మానించే వ్యాసాలు అనేకం. ముగ్గురు బాలికల నిజమైన బరువులు 40, 45, 50 అనుకుందాము. ముగ్గురూ మూడేసి కిలోలు తగ్గించి 37, 42, 47 అన్నారు. ఇక్కడ సహసంబంధం సరిగ్గా ఒకటి, అంటే సంపూర్ణం. అయినను ముగ్గురిలో ఒక్కరు చెప్పినదీ నిజం కాదు! సహసంబంధం వేరు, ఏకీభావం వేరు అని బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు ఆంగ్ల గణాంకవేత్తలు 1986లో 'లాన్సెట్' పత్రికలో స్పష్టపరచినారు. వారి పద్ధతి చాలా సులభం. ఒక్కొక్కరి రెండు సంఖ్యల భేదాన్ని తీసి, ఆ భేదాల సగటు ఎంత, అవి ఎంత దూరం చెదరి ఉన్నవి అని చూడడమే. ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా చేయగల పని.

ఇంత చిన్న తప్పు వలన కలిగే నష్టమేమిటని కొందరు అడుగవచ్చును. బరువును కిలోలలోను, ఎత్తును మీటర్లలోను తీసుకొని, బరువును ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే వచ్చేది శరీర ద్రవ్యరాశి సూచిక. బెల్జియం దేశస్థుడైన కెటెలె పందొమ్మిదవ శతాబ్దంలో చూపిన ఈ నిష్పత్తికి, ఇప్పుడు వాడుకలో నున్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టినది. 1.52 మీటర్ల ఎత్తు, 48 కిలోల బరువు గల విద్యార్థిని సూచిక 20.8. ఆమెయే తన ఎత్తు 1.57 అని, బరువు 45 అని వ్రాసినదనుకుందాము. సూచిక 18.3కు దిగుతుంది. పెద్దలకు 18.5 కంటె తక్కువైతే కృశించినట్లు లెక్క. పంతొమ్మిదేండ్ల లోపు వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన వయస్సువారీ పట్టికలను వాడవలసి ఉన్నది గాని, లెక్క తీరు అదే. ఆరోగ్యవంతురాలు కాగితం మీద కృశించిన దైనది. ఇప్పుడు దీనికి విపర్యయం చూడండి. 1.50 మీటర్ల ఎత్తు, 38 కిలోల బరువు గల బాలిక సూచిక 16.9. ఆమె సిగ్గుపడి 42 అని వ్రాస్తే అది 18.7 అవుతుంది. ఆమెకు కావలసిన సహాయం అక్కడే ఆగిపోయినది.

అమెరికాలో తప్పు ప్రధానంగా ఒకే దిశలో నడిచినది. మన వద్ద రెండు దిశలలోనూ నడుచుటకు అవకాశమున్నదని మా అభిప్రాయం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 18.8 మంది ఉండవలసిన దానికంటె తక్కువ బరువుతోను, 30.1 మంది అధిక బరువుతోను ఉన్నారు. ఒకే వీధిలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటిలో, ఈ రెండూ కలిసి ఉంటున్నవి. "బక్కచిక్కిపోయినావు" అని ఒక అత్తయ్య అంటుంది, "ఒళ్ళు చేసినావు" అని మరొక చిన్నమ్మ అంటుంది. సంబంధాల మాటలు మొదలైన ఇంటిలో ఈ రెండు మాటలకూ పదును ఎక్కువ. మొదటి మాట విన్న బాలిక రెండు కిలోలు కలిపి చెప్తుంది, రెండవది విన్న బాలిక రెండు కిలోలు తీసి చెప్తుంది. వీరిద్దరి సగటు తీస్తే లెక్క సరిగ్గా సరిపోవచ్చును! సగటు నిజమై, మనుష్యులిద్దరూ తప్పైన పరిస్థితి ఇది.

కళాశాలలలో జరిగే రక్తదాన శిబిరాలు దీనికి చక్కని ఉదాహరణ. మన దేశపు నిబంధనల ప్రకారం రక్తదాతకు 18 సంవత్సరాలు నిండవలెను. హీమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు, బరువు కనీసం 45 కిలోలు ఉండవలెను. ఆ బరువుకు 350 మిల్లీలీటర్ల రక్తమే తీస్తారు. 450 మిల్లీలీటర్లు తీయుటకు 55 కిలోలు దాటవలెను. స్నేహితురాండ్రందరూ వరుసలో నిలిచినప్పుడు 42 కిలోల విద్యార్థిని "45" అని చెప్పడంలో దురుద్దేశమేమీ లేదు. ఉన్నది త్యాగబుద్ధి. కాని చిన్న శరీరంలోని రక్తం పరిమాణం కూడా చిన్నదే. కళ్ళు తిరిగి పడిపోయేది ఆ బాలికయే. ప్రవేశపత్రంలో బరువు తగ్గించి వ్రాసిన చేయియే శిబిరంలో పెంచి వ్రాయవచ్చును. అడిగే ప్రయోజనం మారితే సమాధానమూ మారుతుంది.

క్షయవ్యాధి విషయంలో ఇది మరింత ముఖ్యం. పెద్దలకు ఇచ్చే క్షయ మాత్రల సంఖ్య బరువును బట్టి నిర్ణయమవుతుంది. 25 నుండి 34 కిలోల వారికి ఒక లెక్క, 35 నుండి 49 వరకు మరొకటి, 50 నుండి 64 వరకు ఇంకొకటి. అందుచేతనే అక్కడ మాట వినరు, కాంటా ఎక్కిస్తారు. అయితే చికిత్సకు ముందు దశ ఒకటున్నది. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలతో పాటు బరువు తగ్గడం ఆ వ్యాధిని అనుమానించుటకు ఒక ముఖ్య లక్షణం. ఆరు నెలల క్రితం 44 కిలోలున్న బాలిక ఇప్పుడు 40 ఉన్నదని తెలియవలెనంటే, ఆ 44 అనే సంఖ్య ఎక్కడో తూచి వ్రాసి ఉండవలెను కదా! జ్ఞాపకంలోని బరువు తగ్గదు. అది ఉన్నచోటనే ఉంటుంది.

ఈ సత్యాన్ని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో గ్రహించినది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఈ పేరు పొందినది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పరిశీలక సంఘం ఈ సంస్థ ఆధ్వర్యంలోనే దాదాపు నాలుగు దశాబ్దాలు ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల గ్రామాలలో ఇంటింటికీ యంత్రాలు మోసుకొనిపోయి తూచినది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చరిత్రలోనూ ఒక చిన్న ఘట్టమున్నది. 1992-93 నాటి మొదటి సర్వేలో ఎత్తు కొలిచే పలకలు సమయానికి అందక, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాలలో పిల్లల ఎత్తును నమోదు చేయలేదు. తల్లులను అడిగి ఊహించి వ్రాయవచ్చును గదా! వ్రాయలేదు. ఆ గడిని ఖాళీగా విడిచినారు. పరిశోధకుని నిజాయితీకి ఆ ఖాళీ గడి కంటె మంచి సాక్ష్యం మాకు కనబడలేదు.

కొలతకు కట్టుబడినందువలన లభించే ఫలమేమిటో తెలుసుకొనుటకు హైదరాబాదు పరిసర గ్రామాలలో జరిగిన పరిశోధనను చూడవలెను. 1987 నుండి 1990 వరకు 29 గ్రామాలపై ఒక పరిశీలన జరిగినది. వానిలో 15 గ్రామాల గర్భిణులకూ, పసిపిల్లలకూ అంగన్‌వాడీల ద్వారా అదనపు పోషకాహారం అందినది. 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలను 2003-05 సంవత్సరాలలో మళ్ళీ వెదకి, 13 నుండి 18 ఏండ్ల వయస్సు గల 1,165 మంది బాలబాలికలను శాస్త్రజ్ఞులు స్వయంగా కొలిచి తూచినారు. సంజయ్ కిన్రా ప్రభృతులు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన ఆ ఫలితం ప్రకారం, పోషకాహారం అందిన గ్రామాల పిల్లలు మిగిలిన వారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. శరీరంలోని కొవ్వులో చెప్పుకోదగ్గ భేదం లేదు.

పద్నాలుగు మిల్లీమీటర్లు! బొటనవ్రేలి వెడల్పు కూడా లేదు. కాని తల్లి తిన్న ఆ గుప్పెడు ఆహారం పదిహేనేండ్ల తరువాత కూడా బిడ్డ ఎముకలలో నిలిచియున్నదనుటకు అదే సాక్ష్యం. ఇప్పుడు అమెరికా విద్యార్థుల తప్పును గుర్తు తెచ్చుకొనండి. 2.7 అంగుళాలంటే సుమారు 69 మిల్లీమీటర్లు, అంటే ఈ భేదానికి దాదాపు ఐదు రెట్లు. రెండు వైపుల వారూ సమానంగా తప్పు చెప్తే భేదం మిగులుతుందని తర్కించవచ్చును. కాని మనుష్యులు సమానంగా తప్పు చెప్పరని పైన చూసినాము. ఆ 1,165 మందినీ నోటిమాటగా అడిగి ఉంటే ఆ పద్నాలుగు మిల్లీమీటర్లు ఐదులు సున్నల గుంపులో కలిసిపోయి, "అంగన్‌వాడీ ఆహారం వలన ప్రయోజనం కనబడలేదు" అని నివేదిక వెలువడి ఉండవచ్చును. అటువంటి నివేదిక చేతికందినప్పుడు ముందుగా కోతపడేది ఏ పద్దుకో కళాశాల వారికి వేరే చెప్పనక్కరలేదు.

కావున మన కళాశాల పాలక సంఘం వారికి మేము మనవి చేసుకొనేది స్వల్పం. ఒక మంచి తూనిక యంత్రం, గోడకు బిగించే ఒక ఎత్తు పలక, తెర కట్టిన ఒక గది, సంవత్సరానికి రెండు మార్లు ఆ గదిలో కూర్చొనుటకు ఒక అధ్యాపకురాలు. ఇంతకు మించి అవసరం లేదు. తూచే వారు స్త్రీలే కావలెను. బురఖా, శాలువ, చెప్పులు, పుస్తకాల సంచి తెర వెనుక తీసి పెట్టుకొనే వీలుండవలెను. అన్నిటికంటె ముఖ్యం, సంఖ్యను బిగ్గరగా చదువరాదు. వరుసలో నలుబది మంది వింటుండగా "ముప్పది ఆరు!" అని కేక వేసిన రోజునే ఆ బాలిక తన బరువును దాచుకొనడం నేర్చుకుంటుంది. సంఖ్యను చీటీ మీద వ్రాసి ఆమె చేతికే ఇవ్వవలెను. రిజిష్టరులో పేరుకు బదులు ఒక అంకె చాలును. వద్దన్న వారిని బలవంతపెట్టరాదు. పద్దెనిమిదేండ్లు నిండని వారి ఇంటికి ముందుగా ఉత్తరం పంపవలెను. ఆ ఉత్తరం ఉర్దూలోను, తెలుగులోను ఉండవలెను.

మొదటిసారి తూచేటప్పుడు ఒక చిన్న పరిశీలన కూడా చేయవచ్చును. యంత్రం ఎక్కక ముందు ప్రతి విద్యార్థినీ తన బరువు ఎంతనుకుంటున్నదో, చివరిసారి ఎప్పుడు తూయించుకున్నదో చీటీలో వ్రాస్తుంది. తరువాత తూచిన సంఖ్యను అదే చీటీలో వ్రాస్తారు. "తెలియదు" అని వ్రాయుటకు కూడా ఒక గడి ఉండవలెను. అది లేనందువలననే ఊహలు లెక్కలుగా మారుచున్నవి. రంజాను మాసంలో ఈ పని పెట్టుకొనకుండుట మేలు. ఉపవాస దినాన సహరీ తరువాత తూచినదీ, ఇఫ్తారుకు ముందు తూచినదీ ఒకటి కావు. పగలంతా నీరు త్రాగని శరీరం సాయంత్రానికి తేలికవుతుంది. మామూలు దినాలలో సైతం ఉదయానికీ రాత్రికీ కిలో వరకు భేదం రావచ్చును గనుక అందరినీ ఒకే వేళలో, వీలైనంతవరకు మధ్యాహ్న భోజనానికి ముందే తూచవలెను.

ఇక యంత్రాన్ని పరీక్షించుట. మన బజారులో కిలోల తూకం 1958 తరువాత వచ్చినది. అంతకు ముందు సేర్లూ, మణుగులూ ఉండేవి. ఇప్పుడు తూనికలు కొలతల శాఖ వారి ముద్ర గల ఇరవై కిలోల రాళ్ళు ధాన్యం వర్తకుల వద్ద ఉంటున్నవి. తూచే రోజున అటువంటివి రెండు అరువు తెచ్చి, ఉదయం మొదటి విద్యార్థిని ఎక్కక ముందు ఒకసారి, సాయంత్రం చివరి విద్యార్థిని దిగిన తరువాత ఒకసారి యంత్రం మీద పెట్టవలెను. నలభై అని చూపితే సరే. చూపకపోతే ఆ భేదాన్ని కూడా తేదీ వేసి రిజిష్టరు మొదటి పుటలోనే వ్రాసిపెట్టవలెను.